బ్యాటరీ పక్కన ఫ్యూజు లేకుంటే బండి కదలనివ్వకండి

శబరిమల బళ్ళు బయల్దేరే రోజులివి. వాటి వెనకే సంక్రాంతి. రాత్రి తొమ్మిది దాటిందంటే దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా రోడ్డు పక్కన ఎక్కడ చూసినా సంచులు, పిల్లలు, ట్రావెల్స్ బస్సులు. వాటి మధ్య ఈ మధ్య ఇంకో రకం బండి కనబడుతోంది. పాత టెంపో ట్రావెలరో మినీ బస్సో కొని, సీట్లు పీకించి, పరుపులు వేయించి, చిన్న ఫ్రిజ్జు, టీవీ, మిక్సీ, ఫోన్ ఛార్జర్లు పెట్టించుకున్న బండి. సినిమా షూటింగుల వల్ల అందరి నోళ్ళలో నానిన క్యారవాన్ అనే పేరే దీనికీ వచ్చింది.

ఈ హెచ్చరిక ఆ బళ్ళ యజమానులకు, వాటిని అద్దెకు మాట్లాడుకునే కుటుంబాలకు, బస్సుల్లో అదనంగా లైట్లూ సౌండు సిస్టమూ పెట్టించే గురుస్వాములకు, ఆ పని చేసిపెట్టే ఆటో ఎలక్ట్రీషియన్లకు. కంపెనీ నుంచి బండితో వచ్చిన బ్యాటరీ గురించి కాదు. ఆ తర్వాత మనం పెట్టించుకున్న రెండో బ్యాటరీ గురించి, దాని నుంచి లాగిన ప్రతి వైరు గురించి. బయల్దేరే ముందు, ఈ వారంలోనే, పరుపు ఎత్తి, ప్లైవుడ్ డబ్బా మూత తీసి చూడండి. ప్లస్ టెర్మినల్ నుంచి బయటికొచ్చే లావు వైరు మీద, బ్యాటరీకి జానెడు దూరం దాటకుండా ఫ్యూజు ఉందా? లేకపోతే ఆ బండి ప్రయాణానికి పనికిరాదు. పెట్టించాకే కదలండి.

'పన్నెండు వోల్టులే కదా, ఏం గాదన్నా' అనే మాట షెడ్లలో రోజూ వినిపిస్తుంది. చేత్తో పట్టుకున్నా షాకు కొట్టదన్నది నిజమే. అందుకే ఆ భయం పోయింది. కానీ మనిషికి షాకు కొట్టని బ్యాటరీ వైరును మాత్రం కాల్చగలదు. 150 ఏహెచ్ బ్యాటరీ ప్లస్సూ మైనస్సూ నేరుగా కలిస్తే అందులోంచి వెయ్యి ఆంపియర్లకు పైగా కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. మన ఇంట్లో టన్నున్నర ఏసీ నడుస్తున్నప్పుడు తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లు. వెయ్యి ఆంపియర్లు వేలెడు లావు లేని వైరులో పారితే, దాని మీది ప్లాస్టిక్కు తొడుగు సెకన్లలో కరిగి కారిపోతుంది. పక్కనే ప్లైవుడ్డు, ఫోము పరుపు, కర్టెన్లు. ఇంట్లో షార్టయితే ఎమ్‌సీబీ పడిపోతుంది, అదీ కాకపోతే స్తంభం మీది ఫ్యూజు పోతుంది. బండిలో బ్యాటరీకీ మంటకూ మధ్య అడ్డం నిలిచేది మనం పెట్టించిన ఫ్యూజు ఒక్కటే. దాన్ని పెట్టకపోతే బ్యాటరీ ఖాళీ అయ్యేదాకానో, వైరు కాలి తెగిపోయేదాకానో కరెంటు ఆగదు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు ఏసీ స్లీపర్ బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద కాలిపోయిన సంగతి మనలో ఎవరమూ మరిచిపోలేదు. బస్సు కిందికి చేరిన బైకును ఈడ్చుకుపోవడంతో పెట్రోలు అంటుకుని మంట మొదలైంది. బస్సులో 19 మంది ప్రయాణికులు చనిపోయారు. దానికి కారణం వైరింగు అని నేను అనడం లేదు. అయితే లగేజీలో ఉన్న సెల్‌ఫోన్ల పార్సిలుతో పాటు, బస్సు ఏసీ కోసం వాడే బ్యాటరీలు కూడా పేలి మంట తీవ్రత పెరిగిందని అగ్నిమాపక శాఖ ఉన్నతాధికారులే అప్పుడు చెప్పారు. దానికి పది రోజుల ముందు, అక్టోబరు 14న, రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర ఏసీ బస్సుగా మార్పించిన స్లీపర్ బస్సు తగలబడి 20 మందికి పైగా పోయారు. అక్కడ మొదట వచ్చిన అనుమానమే షార్ట్ సర్క్యూట్. ఇంకొంచెం వెనక్కి వెళ్తే 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. కారణాలు వేరు వేరు. కానీ మూడు చోట్లా లోపలున్న మనుషులకు బయటపడడానికి దొరికిన సమయం నిమిషాల్లోనే. మంట మొదలయ్యాక చేయగలిగింది చాలా తక్కువ కాబట్టే, మొదలవకముందు చేయాల్సిన పని గురించి ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ఇక అసలు తప్పుల దగ్గరికి వద్దాం. ఎల్‌బీ నగర్ దాటి వనస్థలిపురం పక్కన ఆటోనగర్‌లోనూ, విజయవాడ రోడ్డు పొడుగునా హయత్‌నగర్ దాకా ఉన్న షెడ్లలోనూ పనిచేసేవాళ్ళ చేతి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. లారీ సెల్ఫ్ మోటారు శబ్దం విని రోగం చెప్పగలిగిన మేస్త్రీలు అక్కడ ఉన్నారు. కానీ లారీ వైరింగు వేరు, బండిలో చిన్న ఇల్లు నడపడం వేరు. లారీలో సెల్ఫ్ కొట్టినప్పుడు నాలుగు సెకన్లు భారీ కరెంటు పోతుంది, అంతే. క్యారవాన్‌లో ఇన్వర్టర్ మీద మిక్సీ, రైస్ కుక్కర్, ఫ్రిజ్జు పెడితే ఆ భారీ కరెంటు అరగంట పోతుంది, గంట పోతుంది. నాలుగు సెకన్లకు తట్టుకున్న వైరు గంటసేపు తట్టుకోదు.

'ఫ్యూజు ఉంది సార్' అని మేస్త్రీ చూపిస్తాడు. ఎక్కడుంది? ఇన్వర్టర్ పక్కన. తప్పుల్లోకెల్లా ఎక్కువగా కనబడేదీ, ఎక్కువ ప్రమాదమైనదీ ఇదే. బ్యాటరీ బండి వెనక, ఇన్వర్టర్ డ్రైవరు వెనక. మధ్యలో నాలుగైదు మీటర్ల వైరు నేల రేకుకు వేసిన చిల్లులోంచి కిందికి దిగి, ఛాసిస్ వెంబడి పోయి, ఇంకో చిల్లులోంచి పైకి వస్తుంది. చిల్లు అంచుకు రబ్బరు బుష్ వేయలేదు. రేకు అంచు కత్తిలా ఉంటుంది. బండి కదిలినప్పుడల్లా వైరు ఆ అంచుకు రాసుకుంటుంది. ఇబ్రహీంపట్నం దాటి సాగర్ రోడ్డు మీద గుంతల్లో పడిన ప్రతిసారీ తొడుగు ఇంకాస్త అరుగుతుంది. ఒకరోజు లోపలి రాగి రేకును ముట్టుకుంటుంది. రేకు అంటే బండి బాడీ, బాడీ అంటే మైనస్. షార్టు జరిగింది బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్యలో. కరెంటు ఆ ఫ్యూజు దాకా పోనే పోదు, ఇక అది పోయేదెట్లా? అందుకే ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, ప్లస్ వైరు మొదట్లోనే ఉండాలి. ఫ్యూజు కాపాడేది ఇన్వర్టర్‌ని కాదు, వైరుని.

ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఫ్యూజు సైజు సంగతీ తేలిపోతుంది. ఇన్వర్టర్ ఎన్ని వాట్లని చూసి ఫ్యూజు వేస్తారు. ముందు చూడాల్సింది వైరు ఎంత కరెంటు మోయగలదు అని. వైరు మోయగలిగిన దానికన్నా ఫ్యూజు తక్కువే ఉండాలి. 35 చదరపు మిల్లీమీటర్ల మంచి రాగి కేబులు మీద 125 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అదే ఫ్యూజును 6 ఎమ్ఎమ్ ఇంటి వైరు మీద పెడితే, ఫ్యూజు చెక్కుచెదరకుండా ఉండగానే వైరు మండిపోతుంది. ఇక ఫ్యూజు రెండుసార్లు పోయిందని దాని స్థానంలో రాగి పోగులు చుట్టడం, సిగరెట్ పెట్టె రేకు మడిచి పెట్టడం, బోల్టు బిగించడం. ఇవి చేసినవాళ్ళు తమ పిల్లలనే ఆ పరుపు మీద పడుకోబెడతారు. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో తప్పు ఉందని అర్థం. ఆ తప్పు దొరికేదాకా కొత్త ఫ్యూజు కూడా వేయకూడదు.

ఫ్యూజు బదులు ఇంట్లో వాడే ఎమ్‌సీబీని బ్యాటరీ వైరుకు పెట్టేవాళ్ళున్నారు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, స్విచ్చులా పైకీ కిందికీ అనొచ్చు. కానీ ఇంటి కరెంటు ఏసీ. అది సెకనుకు 100 సార్లు సున్నాకు పడి లేస్తుంది. ఎమ్‌సీబీ విడివడినప్పుడు లోపల పుట్టే నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చేది డీసీ, అది సున్నాకు రాదు. రవ్వ ఆరకుండా వెలుగుతూనే ఉండి ఎమ్‌సీబీ లోపలే అంటుకోవచ్చు. డీసీకి పనికొస్తుందని, ఎన్ని వోల్టుల డీసీ అని, ఎన్ని ఆంపియర్లని దాని మీద రాసి ఉన్నదే కొనాలి. బ్యాటరీకి బోల్టుతో బిగించే పట్టీ ఫ్యూజులు, వాటి హోల్డర్లు ఇప్పుడు ఆన్‌లైన్లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతున్నాయి. లక్షలు పోసి బండి చేయించుకున్నవాళ్ళు ఈ వందల దగ్గర బేరం ఆడటం నాకు అర్థం కాదు.

ఇక వైరు లావు. 1000 వాట్ల ఇన్వర్టర్ నిండా నడిస్తే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దగ్గర దగ్గర 100 ఆంపియర్లు లాగుతుంది. ఇంటి వైరింగులో 6 ఎమ్ఎమ్ వైరు అంటే పెద్ద వైరు, గీజరుకు కూడా సరిపోతుంది. అదే లెక్కతో బండిలోనూ 6 ఎమ్ఎమ్ లాగేస్తారు. పోను ఐదు మీటర్లు, రాను ఐదు మీటర్లు. 100 ఆంపియర్లు పారితే మూడు వోల్టులు ఆ వైరులోనే పోతాయి. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర ఉంటే ఇన్వర్టర్ దగ్గరికి చేరేది తొమ్మిది చిల్లర. పోయిన ఆ మూడు వోల్టులు 300 వాట్ల వేడిగా మారి, కార్పెట్ కింద పడుకున్న వైరులో కూర్చుంటాయి. ఇన్వర్టర్ కుయ్యిమని అరిచి లో బ్యాటరీ అని ఆగిపోతుంది. యజమాని బ్యాటరీ చెడిందనుకుని మలక్‌పేటకో దిల్‌సుఖ్‌నగర్‌కో పోయి కొత్తది కొంటాడు. కొత్త బ్యాటరీతోనూ అదే అరుపు. ఈసారి ఇంకో బ్యాటరీ కలిపి జత చేస్తారు. మంటకు బలం పెరిగింది, వైరు మాత్రం అదే.

ఈ రోగాన్ని పట్టుకోవడానికి మూడు నాలుగు వందల మల్టీమీటరు చాలు. ఇన్వర్టర్ మీద మిక్సీయో కెటిలో పెట్టి నడుస్తుండగా, ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మీద వోల్టులు చూడండి. తర్వాత ఇన్వర్టర్‌కు వైరు బిగించిన రెండు బోల్టుల మీద చూడండి. రెండింటికీ తేడా అర వోల్టు దాటిందంటే దారిలో దొంగ ఉన్నాడు. అది వైరు సన్నగా ఉండడమైనా కావచ్చు, మధ్యలో అతుకు లూజవడమైనా కావచ్చు. అతుకు అనుమానమైతే మీటరు ఒక ముల్లు అతుకుకు ఇవతల, ఇంకో ముల్లు అవతల పెట్టి చూడాలి. గట్టి అతుకు మీద దాదాపు సున్నా కనబడాలి. 0.2 అని కనబడితే ఆ అతుకు పనికిరాదు, విప్పి మళ్ళీ చేయాలి. అన్నీ ఆపేసి చూస్తే ఈ తేడా కనబడదు. లోడు నడుస్తుండగానే చూడాలి. చాలామంది ఇక్కడే పొరబడి వైరింగు బాగుందని తేల్చేస్తారు.

ఆ లూజు అతుకును ఒకసారి దగ్గరగా చూడండి. వైరు చివర రాగి లగ్గు. దాన్ని ప్రెస్సుతో నొక్కకుండా సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, పైన నల్ల టేపు మూడు చుట్లు చుట్టారు. ఎండలకు టేపు జిగురు కారి, దుమ్ము అంటి, అంచు లేచింది. లోపల రాగి పోగులు సగం నల్లబడ్డాయి, బ్యాటరీ వైపు ఆకుపచ్చ బూజులాంటి పొర. పోగుల్లో కొన్ని లగ్గులోకి వెళ్ళనే లేదు, పట్టలేదని కత్తిరించేశారు. ఆ అతుకులో నిరోధం ఓమ్‌లో నూరో వంతు ఉన్నా సరే, 100 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి 100 వాట్లు. టీవీ మెకానిక్కు చేతిలో సీసాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరను 25 వాట్లది. అలాంటివి నాలుగు కలిపి మీ పరుపు కింద ప్లగ్గు పెట్టి వదిలేసినట్టు. ఇక్కడ ఏ ఫ్యూజూ పోదు. ఎందుకంటే కరెంటు ఎక్కువ పారడం లేదు, అతుకే బాగాలేదు. అందుకే లగ్గులను హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కించుకోండి. ఆటోనగర్‌లో ఆ పరికరం ఉన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గరికే పోండి.

బస్సులు, పెద్ద మినీ బస్సుల వాళ్ళు ఈ తర్వాతి మాట మరింత జాగ్రత్తగా వినాలి. వాటిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. సౌండు సిస్టం, ఎల్ఈడీ లైట్లు, ఫోన్ ఛార్జర్లు ఎక్కువగా 12 వోల్టులవి. తేలిక దారి ఏమిటంటే, రెండు బ్యాటరీలను కలిపే మధ్య పట్టీకి ఒక వైరు మెలిపెట్టి, ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాక్కోవడం. భజన పాటలు మోగుతాయి, లైట్లు వెలుగుతాయి, అందరూ సంతోషిస్తారు. కానీ డైనమో రెండు బ్యాటరీలకూ ఒకే కరెంటు పంపిస్తుంది. ఒకటి రోజూ అదనంగా ఖాళీ అవుతుంటే అది ఎప్పటికీ నిండదు, రెండోది నిండాక కూడా నిండుతూనే ఉంటుంది. మొత్తం 28 వోల్టులు వస్తే చెరి 14 రావాలి. ఒకదాని మీద 13, ఇంకోదాని మీద 15 వస్తుంది. 15 వచ్చిన బ్యాటరీలో నీళ్ళు వాయువులుగా విడిపోయి తగ్గిపోతాయి, హైడ్రోజన్ వాయువు ఎక్కువగా పుడుతుంది. డబ్బా పొట్ట ఉబ్బుతుంది. ఇంజన్ నడుస్తుండగా రెండు బ్యాటరీలను విడివిడిగా కొలవండి. తేడా అర వోల్టు దాటితే ఎవరో మధ్యలోంచి లాగారని అనుమానించండి. 24ను 12గా మార్చే కన్వర్టర్ పెట్టించి ఆ మధ్య వైరు తీసేయించండి. దీనికి ఇంకో దగ్గరదారి లేదు.

హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. నీళ్ళు పోసే బ్యాటరీని మనుషులు పడుకునే గదిలో మూసేసిన డబ్బాలో పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే డబ్బా పైభాగం నుంచి బండి బయటికి గొట్టం తీయాలి, ఎందుకంటే ఆ వాయువు పైకే చేరుతుంది. ఇన్వర్టర్, రిలే, స్విచ్చు లాంటి రవ్వ పుట్టేవేవీ అదే డబ్బాలో ఉండకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి గానీ అదే పెట్టెలో కాదు. వంట గ్యాసు సిలిండరు కూడా ఆ పక్కనే కట్టేసిన బళ్ళు ఉన్నాయి. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, వెంటనే వేరు చేయండి.

పాత బ్యాటరీకి కొత్తది జతచేసి కెపాసిటీ పెంచామనుకోవడం ఇంకో తప్పు. పాతది కొత్తదాన్ని పీలుస్తూ ఉంటుంది. జత చేస్తే ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఒకేసారి కొన్నవి కావాలి. ప్లస్ ఒక బ్యాటరీ నుంచి, మైనస్ రెండో బ్యాటరీ నుంచి తీస్తే భారం సమంగా పంచుకుంటాయి. రెండు వైర్లూ మొదటి బ్యాటరీ నుంచే తీస్తే అది ముందే అలసిపోతుంది.

లిథియం బ్యాటరీలు చవకై ఇప్పుడు వాటి మోజు ఎక్కువైంది. బరువు తక్కువ, చాలాకాలం వస్తాయి, నిజమే. కానీ లెడ్ బ్యాటరీ తీసేసి దాని చోట లిథియం పెట్టి, వైర్లన్నీ అట్లాగే బిగించడం కుదరదు. ఖాళీ లిథియం బ్యాటరీ డైనమో ఇవ్వగలిగినంతా గుంజుతుంది, డైనమో మాడిపోతుంది. మధ్యలో డీసీ నుంచి డీసీకి ఛార్జరు ఉండాలి. పాత ఇన్వర్టర్‌లో లెడ్ బ్యాటరీ కోసం ఇచ్చిన బూస్టు ఛార్జింగు లిథియానికి హాని. లోపలి రక్షణ సర్క్యూట్ ఏమిటో, ఎవరు కట్టారో తెలియని ప్యాకును అసలు కొనకండి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో పుట్టిన పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మందిని చంపింది. మంట వాళ్ళ దాకా చేరకముందే పొగ చేరింది. బండిలో గది ఇంకా చిన్నది.

బండిని ఫంక్షన్ హాలు దగ్గరో బంధువుల ఇంటి ముందో ఆపి, ఎక్స్‌టెన్షన్ వైరుతో ఇంటి కరెంటు లోపలికి ఇస్తారు. ఇన్వర్టర్ నడుస్తుండగానే ఇంటి కరెంటు అవే ప్లగ్గుల్లోకి వస్తే రెండూ ఢీకొంటాయి, ఇన్వర్టర్ పేలుతుంది. ఒకటి వేస్తే ఇంకోటి తప్పనిసరిగా తెగే చేంజోవర్ స్విచ్చు ఉండాలి. రెండు వైపులా పిన్నులున్న వైరు ఎక్కడైనా కనబడితే వెంటనే కోసి పారేయండి, దాని ఒక చివర ప్లగ్గులో ఉండగా రెండో చివర ముట్టుకుంటే ప్రాణం తీస్తుంది. బండి బాడీ లోహం కాబట్టి 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే కరెంటును తెంచే ఆర్‌సీసీబీ లేకుండా ఇంటి కరెంటు లోపలికి రానివ్వకూడదు.

మూత తీసి చూసేవాళ్ళకు ఒక మాట. వేళ్ళకు ఉంగరాలు, చేతికి కడియం, లోహపు గడియారం తీసేయండి. మాల వేసుకున్న స్వాములు లాకెట్టు బ్యాటరీ మీద వేలాడకుండా మాలను చొక్కా లోపలికి దోపుకోండి. ప్లస్సుకూ బాడీకీ మధ్య అది పడితే మెడ కాలుతుంది. విప్పేటప్పుడు ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర బిగించాలి. మైనస్ బిగించి ఉండగా ప్లస్ విప్పబోతే, పానా జారి రేకుకు తగిలిందంటే పానానే ఎర్రగా మారుతుంది. ఉబ్బిన బ్యాటరీ, కుళ్ళిన గుడ్డు వాసన, చెయ్యి దగ్గరికి తెస్తేనే సెగ తగిలే అతుకు, రంగు మారిన వైరు, ఈ నాలుగింట్లో ఏది కనబడినా మీరు చేయి పెట్టొద్దు. తెలిసినవాణ్ణి పిలవండి.

రవాణా శాఖకు కూడా ఒక విన్నపం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చడం నేరం. 2019 సవరణ తర్వాత అట్లా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. దూరప్రయాణ బస్సుల్లో, స్కూలు బస్సుల్లో ప్రయాణికులుండే చోట కూడా మంటను పసిగట్టే ఏర్పాటు ఉండాలని కేంద్రం 2022లోనే నోటిఫై చేసింది. చట్టం లేదని చెప్పడానికి వీల్లేదు. ఫిట్‌నెస్‌కు వచ్చిన ప్రతి బస్సు, టెంపో ట్రావెలర్ దగ్గర రెండో బ్యాటరీ ఉందా అని అడిగి, డబ్బా మూత తెరిపించి, ఫ్యూజు చూడండి. అందుకు రెండు నిమిషాలు చాలు. ఈ పండగల నెలల్లో ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గరా, పెద్ద అంబర్‌పేట దగ్గరా రాత్రుళ్ళు పర్మిట్ కాగితాలు చూసే తనిఖీ బృందాల్లో ఒక్క ఎలక్ట్రీషియన్ ఉంటే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

పనిచేసే మేస్త్రీలకు నా మనవి వేరే. బండి అప్పగించేటప్పుడు ఒక కాగితం మీద బ్యాటరీ ఎక్కడ, ఫ్యూజు ఎక్కడ, ఎన్ని ఆంపియర్లది, వైరు ఎన్ని ఎమ్ఎమ్, మెయిన్ స్విచ్చు ఎక్కడ అని తెలుగులో రాసి డబ్బా మూత లోపల అంటించండి. కింద మీ పేరు, ఫోన్ నంబరు రాయండి. మీ పని మీద మీకు నమ్మకం ఉంటే అందులో ఇబ్బంది లేదు. దారిలో అర్ధరాత్రి ఇంకో ఊళ్ళో ఇంకో ఎలక్ట్రీషియన్ ఆ బండి తెరిచినప్పుడు ఊహించి వైరు కోయాల్సిన అవసరం ఉండదు.

దారిలో కాలిన వాసన వస్తే ఏసీ వాసనేమోనని సర్దుకోవద్దు. బండి పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, ముందు పిల్లలనూ పెద్దవాళ్ళనూ దింపండి. చేతికందితే మెయిన్ స్విచ్చు తీయండి, అందకపోతే వదిలేయండి. పొడి చల్లే సిలిండరు మొదటి నిమిషంలోనే పనికొస్తుంది, అది డ్రైవరు కాళ్ళ దగ్గర ఉండాలి గానీ సామాన్ల కింద కాదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆరినట్టు కనబడి మళ్ళీ మండుతుంది, దాని పొగ విషం, కాబట్టి దూరంగా, గాలి వచ్చే వైపు నిలబడండి. సూట్‌కేసు కోసం, ఫోన్ కోసం ఎవర్నీ లోపలికి వెళ్ళనివ్వద్దు. అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108, ఏదీ గుర్తులేకపోతే 112.

ఈ రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్‌బీ నగర్‌లోనో అద్దె బండి ఎక్కుతున్నవాళ్ళు సామాను పైకెక్కించే ముందు డ్రైవరును మూడు సంగతులు అడగండి. రెండో బ్యాటరీ ఎక్కడుంది, దాని మెయిన్ స్విచ్చు చూపించు, వెనక తలుపు ఒకసారి తెరిచి చూపించు అని. ఆ తలుపు ముందు అల్మారా పెట్టించి మూసేసిన బళ్ళు ఉన్నాయి. అడిగితే కోపం తెచ్చుకునే డ్రైవరుంటే ఉండనీయండి. ఆ మూడూ చూపించలేకపోతే అడ్వాన్సు వాపసు తీసుకుని ఇంకో బండి మాట్లాడుకోండి.